నందాదేవికి నేను పెట్టిన బొట్టు

వరస అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. ఈ మధ్య పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండడం లేదు. ఇది కూడా జారిపోయేలోపు చెప్పేస్తున్నాను. అంత పెద్ద నందాదేవి కొండని ఒక్క వేలితో మాయం చేసిన మనిషిని నేను.

మావారు రాయపూర్‌లో గూడ్సు బండి గార్డు. ముప్పై ఏళ్ళు బండి చివరి పెట్టెలో కూర్చుని, దాటిపోయిన ఊళ్ళే చూశారు. రిటైరవగానే "ఒక్కసారైనా ఎదురుగా ఉన్నదాన్ని తీరిగ్గా చూడాలి. మంచు కొండకి పోదాం" అన్నారు. వాళ్ళ తమ్ముడు భాస్కరం అప్పటికే హిమాలయాల్లో ఉన్న ఔలీ వెళ్ళొచ్చాడు. అక్కడ జనం కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచు మీద జారతారనీ, ఎదురుగా నందాదేవి కనిపిస్తుందనీ చెప్పింది వాడే. అన్నగారికి కొత్త కెమెరా కూడా తెచ్చిచ్చాడు.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టనిదే వాడం. కుక్కరుకి పెట్టాను, కూలరుకి పెట్టాను. ప్రయాణం రోజు పొద్దున్నే కెమెరాని దేవుడి ముందు ఉంచాను. మూత పక్కకి జరిపితే లోపల గుండ్రంగా, ముద్దుగా ఉంది. అదే దాని ముఖం అనుకున్నాను. పొడి కుంకుమ రాలిపోతుందని చుక్క నూనె కలిపి మరీ పెట్టి, మూత మూసేశాను.

ఢిల్లీలో ఆయన ఒక్క ఫొటో తియ్యలేదు. హరిద్వార్‌లో గంగ దగ్గరా తియ్యలేదు. "రీలంతా కొండకే" అన్నారు.

జోషీమఠ్ నుంచి రోప్‌వేలో పైకి, ఔలీకి వెళ్ళాం. దిగేసరికి ఎదురుగా నందాదేవి, తెల్లగా, ఏ మచ్చా లేకుండా. నేను దండం పెట్టుకునేలోపే ఆయన చెక్కలు అద్దెకి తీసుకుని కాళ్ళకి కట్టించుకున్నారు. తలకి మంకీ క్యాపు, మెడలో మా రాయపూర్ పండరీ బజారులో కొన్న మఫ్లరు. అది వెళ్ళకముందు కొన్నదేనా, వచ్చాక కొన్నదా? ఏమో. మూత జరిపి కెమెరా నాకిచ్చి, చేతుల్లో రెండు కర్రలు పట్టుకున్నారు.

"కొండ నా భుజం మీద కూర్చున్నట్టు రావాలి. తియ్యి."

"కదలకండి మరి."

"నేనెక్కడ కదులుతున్నాను, ఇవి కదులుతున్నాయి."

నిజంగానే వెనక్కి జారిపోతున్నారు. "చూశావా, ఇక్కడా నాది వెనక్కి ప్రయాణమే" అని పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను ఎప్పుడోగానీ చూడలేదు. పెళ్ళి ఫొటోలోనూ, ఉద్యోగం కార్డు మీదా మూతి బిగించుకునే ఉంటారు. ఈ నవ్వు వదలకూడదని నొక్కుతూనే ఉన్నాను. వెనక చిన్న కిటికీలోంచి అంతా శుభ్రంగా కనిపించింది. చూసే కిటికీ వేరు, ఫొటో దిగే అద్దం వేరు అని నాకేం తెలుసు. ఆయన చత్వారం కళ్ళద్దాలేమో గదిలోనే ఉండిపోయాయి.

రాయపూర్ వచ్చాక, స్టేషను దగ్గర స్టూడియో అతను కవరు చేతికిస్తూ నా ముఖం చూశాడు. "మాజీ, లెన్స్ పే సిందూర్ కిస్‌నే లగాయా?" లెన్సుకి సిందూరం ఎవరు పెట్టారని.

ప్రతి ఫొటోలోనూ నడుమ ఎర్రటి మసక. అంచుల్లో కొంచెం మంచు, రెండు కర్రలు, చెక్కల కొసలు. కొండా లేదు, ఆయన నవ్వూ లేదు.

 ఆయన ఫొటోలన్నీ వరసగా చూసి కవరు జేబులో పెట్టుకున్నారు. రిక్షా ఎక్కాక "బొట్టు పెట్టావు సరే, హారతి కూడా ఇచ్చావా?" అన్నారు. ఇంటికొచ్చి ఫొటోలు అడిగినవాళ్ళకి "తెల్లవారేటప్పుడు అక్కడ కొండ ఇలా ఎర్రగానే ఉంటుంది" అని చెప్పారు. భాస్కరానికీ అదే చెప్పారు. నాతో "వచ్చే ఏడు మళ్ళీ వెళ్దాంలే. ఈసారి బొట్టు నాకు పెట్టు" అన్నారు.

వచ్చే ఏడు దాకా ఆయన ఆగలేదు. ఆ వానాకాలంలోనే గుండెపోటు వచ్చి పోయారు.

పదో రోజుకి ఫొటో కావాలన్నారు. ఉద్యోగం కార్డు మీదది పెద్దది చేయిద్దామంటే నేను ఒప్పుకోలేదు. అందులో ఆయన డ్యూటీకి పోతున్నట్టే ఉంటారు. ఔలీ ఫొటోనే పెద్దది చేయించి అద్దం కట్టించమన్నాను. భాస్కరం దానికి దండ వేసి, కుంకుమ భరిణె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వదినా, బొట్టు ఎక్కడ పెట్టను? అన్నయ్య ముఖమే కనబడటం లేదు."

"నువ్వు పెట్టక్కర్లేదు భాస్కరం. నేను ముందే పెట్టేశాను."

అప్పటికిగాని వాడికి అసలు సంగతి తెలియలేదు. ఏడుస్తూనే నవ్వాడు.

ఆ ఎర్ర మసక వెనక నవ్వు ఎలా ఉంటుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను కూడా మరిచిపోతే అది ఇంకెక్కడా లేదు. ఆ భయంతోనే ఇదంతా రాసి పెట్టాను.

భాస్కరం, నువ్వు ఒకసారి చదివి జోషీమఠ్, ఔలీ, ఈ పేర్లు సరిగా రాశానో లేదో చూడు. కొండ పేరు తప్పయితే అలాగే వదిలెయ్యి. ఎవరు పట్టుకుంటారు, అది ఫొటోలో ఉంటే కదా.