నాకంటే ముందు ఇల్లు చేరిన వీసా

చైనా హోటళ్ళలో మంచినీళ్ళు కావాలని అడిగితే మనిషి రాడు. నడుమెత్తు రోబో ఒకటి తనంతట తానే లిఫ్ట్ ఎక్కి, దిగి, మన గది ముందు ఆగి, లోపలున్న ఫోన్ మోగిస్తుంది. తలుపు తీస్తే దాని పొట్ట తెరుచుకుంటుంది. అందులో రెండు సీసాలుంటాయి. తీసుకున్నాక ఆడపిల్ల గొంతుతో ఏదో చెప్పి వెళ్ళిపోతుంది. ఆ ప్రయాణంలో చివరి వారం రోజులు నా గదికి వచ్చిన అతిథి అదొక్కటే. దాహం లేకపోయినా రెండుసార్లు పిలిచాను.

మేముండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. చిప్పుల తయారీకి కావలసిన యంత్రం ఒకటి మా కంపెనీ కొంటోంది. దాన్ని పరీక్షించి రమ్మని నన్నూ, నాతో పనిచేసే తమ్ముడిలాంటి ఒక కుర్రవాణ్ణీ షాంఘై దగ్గరి ఫ్యాక్టరీ ఊరికి రెండు వారాలు పంపారు. అతనిది వరంగల్. చాండ్లర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. నన్ను అన్నా అంటాడు, మా ఆవిడని వదినా అంటాడు.

నేను బయలుదేరేనాటికే మా ఆవిడ మెడలో గడ్డ తీయడానికి రోజు ఖాయమైంది. థైరాయిడ్ గడ్డ. తీసి పరీక్షిస్తే గానీ అది ఎలాంటిదో చెప్పలేమన్నారు డాక్టర్లు. నేను తిరిగొచ్చిన వారానికి, శుక్రవారం పొద్దున ఆపరేషన్. ఆమె నన్ను అడిగింది ఒకటే. "మత్తివ్వడానికి లోపలికి తీసుకెళ్తారు చూడు, అప్పటిదాకా చెయ్యి పట్టుకుని నువ్వుండాలి. ఇంకెవరూ వద్దు." ఆస్పత్రి కాగితంలో తోడు వచ్చేవారి పేరు దగ్గర నా పేరే రాసింది.

పని అనుకున్నట్టే రెండో శుక్రవారానికి పూర్తయింది. మర్నాడు ఇద్దరం కలిసి రావాలి. నేను రాలేదు. "టెస్టింగ్ ఇంకా నాలుగు రోజులు పట్టేలా ఉంది, బుధవారం బయలుదేరతా" అని ఇంటికి ఫోన్ చేసి, టికెట్ మార్చుకుని, బీజింగ్ రైలెక్కాను. చైనా గోడ చూడాలని. ఇన్నేళ్ళుగా అదే అనుకుంటూ వచ్చాను, గోడ చూడాలనే వెళ్ళానని. నిజానికి మా ఇంట్లో అప్పుడు అందరూ నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. మా అమ్మాయి కూడా టీవీ సౌండ్ తగ్గించి చూస్తోంది. ఆ ఇంటికి నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళాలనిపించింది. అంతే. దానికి గోడ అని పేరు పెట్టుకున్నాను.

ఇక్కడ మా పాస్‌పోర్ట్‌ల సంగతి చెప్పాలి. నా పాస్‌పోర్ట్ గడువు తీరి కొత్తది వచ్చింది గానీ, అమెరికా వీసా మాత్రం పాత దాంట్లోనే ఉంది. పాతది రద్దయినట్టు మూల కత్తిరించి ఇస్తారు. లోపలి వీసా మాత్రం చెల్లుతుంది. అందుకని మాలాంటి వాళ్ళందరం రెండు పాస్‌పోర్ట్‌లనీ కలిపి రబ్బర్ బ్యాండ్ వేసుకుని తిరుగుతాం. నా రబ్బర్ బ్యాండ్ ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు కట్టకి వచ్చింది. చైనా వీసా కొత్త దాంట్లో ఉంది. మొదటి వారంలో ఒకరోజు ఫ్యాక్టరీ ఊరి రైల్వే స్టేషన్‌లో గేటు దగ్గరి అమ్మాయి రెండూ తీసుకుని, మూల తెగిన దాన్ని అటూ ఇటూ తిప్పి, నన్ను దొంగని చూసినట్టు చూసింది. వెనక లైను గొణిగింది. నాకు సిగ్గేసింది. ఆ రోజే రబ్బర్ బ్యాండ్ తీసి, పాతదాన్ని పెద్ద సూట్‌కేసు లోపలి జేబులో, కొన్న టీ పొట్లాల వెనక పెట్టాను.

శనివారం మా వరంగల్ తమ్ముడు ఇంటికి బయలుదేరుతుంటే ఆ సూట్‌కేసు అతని చేతికే ఇచ్చాను. చేతులూపుకుంటూ తిరగొచ్చని.

"వదినకియ్యాల్నా?" అన్నాడు.

"వద్దు వద్దు. మీ గ్యారేజ్‌లో పడెయ్. నేనొచ్చి తీసుకుంటా."

అతను నా మొహం చూశాడు. "గిది మంచిగ లేదన్నా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కాబట్టి నేనూ నవ్వేశాను.

ఆదివారం గోడ ఎక్కాను. మెట్లు ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు. కట్టినవాళ్ళకి శత్రువుల మీద కంటే మోకాళ్ళ మీద కోపం ఎక్కువనిపించింది. డెబ్బై ఏళ్ళ ముసలావిడ, చేతిలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కుతో, నన్ను దాటిపోతూ జాలిగా చూసింది. ఆ దేశంలో అందరూ వేణ్ణీళ్ళే తాగుతారు. చల్లటి నీళ్ళడిగితే ఒంట్లో బాలేదా అన్నట్టు చూస్తారు. కింద ఒకతను రాజుల అంగీలు అద్దెకిస్తున్నాడు. పసుపుపచ్చ పట్టు అంగీ, మీద బంగారు డ్రాగన్లు, నెత్తిన పూసల టోపీ. వేసుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, ఫోటో దిగాను. చాలా రోజుల తర్వాత అంత హాయిగా నవ్విన ఫోటో అది.

సోమవారం పొద్దున బీజింగ్ హోటల్లో ఉండగా విమానం వాళ్ళ దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది, వీసా వివరాలు ముందుగా నింపమని. బ్యాగ్ తెరిచాను. ఒక పాస్‌పోర్టే ఉంది. మిగిలింది తట్టడానికి అర నిమిషం పట్టింది. నా అమెరికా వీసా నన్ను వదిలేసి, టీ పొట్లాల వెనక కూర్చుని, అమెరికా చేరిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. వెనక మేళం, పిల్లల గోల.

"ఏడున్నావ్?"

"బెంటన్‌విల్‌ల అన్నా. మా చిన్న తమ్ముని గృహప్రవేశం. అందరం పొద్దున్నే ఫ్లైట్ల వచ్చినం. మంగళారం సాయంత్రానికి మళ్ళ ఇంటికొస్తం. ఏమైంది?"

చెప్పాను. మేళం చప్పుడు దూరమైంది, బయటికి వచ్చినట్టున్నాడు.

"ఇగో, మన గ్రూప్‌ల చూడు. మన దిక్కు ఒక పెద్దాయన రేపు మధ్యాహ్నం షాంఘై పోతుండు, ఏమన్న పంపాల్నా అని పెట్టిండు. మా గ్యారేజ్ కోడ్ వదినకు ఎరుకే. ఒక్క ఫోన్ చెయ్యి, ఆమె తీసి ఆయనకిస్తది. బుధారం నువ్వు ఫ్లైటెక్కే లోపల నీ చేతికొస్తది."

"ఇంకెవరికైనా కోడ్ తెలుసా?"

"అన్నా," అన్నాడు. ఈసారి నవ్వలేదు. "వదినకు చెప్పు."

చాండ్లర్‌లో మా తెలుగువాళ్ళకి అది మామూలే. ఎవరు ఏ దేశం వెళ్తున్నా గ్రూప్‌లో పెడతారు. మందులు, సర్టిఫికెట్లు, పెళ్ళి చీరలు అలాగే చేరతాయి. ముక్కూమొహం తెలియని మనిషి నా పాస్‌పోర్ట్‌ని జేబులో పెట్టుకుని సముద్రం దాటడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను చేయాల్సింది ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పడం.

చేశాను, ఫోన్ మాత్రం. అక్కడ ఆదివారం సాయంత్రం.

"టెస్టింగ్ ఎంతవరకు వచ్చింది?" అంది మా ఆవిడ.

"నడుస్తోంది. మెషీన్ కొంచెం ట్రబుల్ ఇస్తోంది."

"ఎక్కడున్నావ్ ఇప్పుడు?"

"ఎక్కడుంటా? ఫ్యాక్టరీ పక్కన, అదే హోటల్."

గిన్నెల చప్పుడు వినిపించింది. తర్వాత అంది, "గ్రూప్‌లో చూశావా, ఒక అంకుల్ రేపు షాంఘై వెళ్తున్నారట. నీకేమైనా పంపనా?"

"ఏం పంపుతావ్?"

"ఏమో. కందిపొడి. నువ్వు మర్చిపోయిందేదైనా ఉంటే అది."

"ఎల్లుండి బయలుదేరేవాడికి కందిపొడేంటి?"

"సరే, నీ ఇష్టం." కుళాయి కట్టేసింది. "నాకు ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు. నువ్వు టెన్షన్ పడకు."

తలుపు తీసి పట్టుకుని నిలబడ్డ మనిషిని, గాలొస్తోంది వేసెయ్యమన్నట్టు మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక నాకు నేను చెప్పుకున్న ధైర్యం ఇది: వీసా ఫోటో నా ఫోన్లో ఉంది కదా. కంప్యూటర్లో అంతా కనబడుతుంది కదా. ఎలాగో ఎక్కనిస్తారు. రెండ్రోజులు ఆ ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, చూసుకుంటూ గడిపాను. ఆ పెద్దాయన విమానం ఎక్కాడు. అది దిగిన సమయానికి నేను రైల్లో షాంఘై తిరిగొచ్చి, విమానాశ్రయం పక్క హోటల్లోనే ఉన్నాను.

బుధవారం పొద్దున కౌంటర్ దగ్గరి అమ్మాయి నా ఫోన్ని రెండు చేతులతో మర్యాదగా అందుకుని, చూసి, రెండు చేతులతో మర్యాదగా తిరిగిచ్చింది. నేను బతిమాలాను. భార్య, ఆపరేషన్, శుక్రవారం అన్నాను. ఆమె తన ఫోన్లోని అనువాద యంత్రానికి ఏదో చెప్పింది. అది ఇంగ్లీషులో చల్లగా చదివింది: ఫోటో విమానం ఎక్కదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడుసార్లు క్షమాపణ అడిగింది. ఆ ఉదయం తప్పు చేయకుండా క్షమాపణ అడిగిన మనిషి ఆమె ఒక్కతే. చేసినవాడు ట్రాలీ పక్కకి లాక్కుని నేల మీద కూర్చున్నాడు.

అక్కణ్ణించే ఇంటికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. గోడ, సూట్‌కేసు, గ్యారేజ్, అన్నీ.

చివరికి, "అంగీ బాగా కుదిరింది నీకు," అంది.

"ఏ అంగీ?"

"పసుపుది. రాజుగారిది."

మా వంటింటి గట్టు మీద ఒక ట్యాబ్లెట్ ఉంటుంది. నా ఫోన్లో తీసిన ఫోటోలన్నీ దానంతటవే అందులోకి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. రెండేళ్ళ క్రితం అమ్మాయి కోసం నేనే పెట్టాను. మర్చిపోయాను.

"ఆదివారం కాఫీ పెట్టుకుంటుంటే వచ్చింది," అంది. "ముందు గోడ, తర్వాత నువ్వు. పాప చూసి, నాన్న కింగ్ అయ్యాడు అంది."

"మరి ఆ సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడు..."

"అడిగాను కదా, ఎక్కడున్నావని."

బ్యాగ్ జిప్పు తీసి, మళ్ళీ వేశాను.

"అడిగితే నేనే వెళ్ళిరమ్మనేదాన్ని. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ అడగలేదంటే..." అని ఆపేసింది. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తి చేయలేదు.

ఆ రాత్రే ఆమె గ్రూప్‌లో పెట్టింది. నా పేరుతో కాదు, తన పేరుతో. మావారి పాస్‌పోర్ట్ పంపాలి, ఎవరైనా షాంఘై వెళ్తున్నారా అని. ఆ వారంలో ఇంకెవరూ లేరు. మర్నాడు మా తమ్ముడు కొరియర్ చేశాడు. మంగళవారానికి అందుతుందన్నారు.

శుక్రవారం ఆస్పత్రికి ఆమెను మా తమ్ముడి భార్య తీసుకెళ్ళింది. కాగితంలో నా పేరు కొట్టేసి ఆ అమ్మాయి పేరు రాశారు. అక్కడ తెల్లవారుజాము, ఇక్కడ రాత్రి భోజనాల వేళ. గదిలో ఉండలేక హోటల్ ముందున్న చౌక్‌లోకి వచ్చాను. అక్కడ రోజూ సాయంత్రం ఆడవాళ్ళు స్పీకర్ పెట్టుకుని, వరసలు కట్టి డాన్స్ చేస్తారు. అందరూ అరవై దాటినవాళ్ళే. అడుగు తప్పితే నవ్వుకుంటారు. వాళ్ళ భర్తలు బెంచీల మీద కూర్చుని హ్యాండ్‌బ్యాగులు కాపలా కాస్తుంటారు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు లేనివాణ్ణి ఆ బెంచీల మీద నేనొక్కణ్ణే.

అమ్మాయి వీడియో కాల్ చేసింది. దాని తెలుగు కొంచెం అమెరికా తిరిగొస్తుంది.

"నాన్నా, అమ్మ లోపలికి వెళ్ళింది. ఆంటీ హ్యాండ్ పట్టుకుంది."

"అమ్మ ఏడ్చిందా?"

"నో. ఆంటీ ఏడ్చింది. అమ్మ ఆంటీకి ఇట్స్ ఓకే చెప్పింది." తర్వాత నా వెనక డాన్స్ చూసి, "నువ్వు పార్టీలో ఉన్నావా?" అంది.

"లేదమ్మా. వెయిట్ చేస్తున్నా."

"మేము కూడా."

స్పీకర్ ఆపేసి, ఆడవాళ్ళు హ్యాండ్‌బ్యాగులు తీసుకుని, భర్తల్ని తీసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు మా తమ్ముడి భార్య మెసేజ్ వచ్చింది: అయిపోయింది, బాగుంది. గడ్డ రిపోర్ట్ సోమవారం వచ్చింది. క్యాన్సర్ కాదు. ఆ మాట చదివి రోబోని పిలిచి రెండు నీళ్ళ సీసాలు తీసుకున్నాను. ఎవరికైనా చెప్పాలి కదా. దానికి చెప్పాను, తెలుగులో. అది తన ధోరణిలో ఏదో చెప్పి లిఫ్ట్ వైపు వెళ్ళిపోయింది.

మంగళవారం పాస్‌పోర్ట్ వచ్చింది. మా తమ్ముడు రబ్బర్ బ్యాండ్ కూడా వేసి పంపాడు. ఒక్క పాస్‌పోర్ట్‌కే వేశాడు.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ సోఫాలో దిండ్లకానుకుని ఉంది. మెడ మీద తెల్లటి పట్టీ. గొంతు ఇంకా రాలేదు, ఎక్కువ మాట్లాడొద్దన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. వంటింటి గట్టు మీద ట్యాబ్లెట్‌లో ఫోటోలు మారుతున్నాయి. అమ్మాయి పుట్టినరోజు, మంచు, ఎవరిదో పెళ్ళి, ఆ తర్వాత పసుపు అంగీలో నేను, నడుం మీద చేతులు, నోరంతా నవ్వు.

లేచి దాన్ని తీసేయబోయాను.

"అమ్మ డిలీట్ చేయొద్దు చెప్పింది," అంది అమ్మాయి.

తిరిగి చూశాను. మా ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెదాలు కదిలాయి. వినపడక దగ్గరికి వెళ్ళి వంగాను.

"ఉండనీ," అంది. గాలి తప్ప గొంతు లేదు అందులో.

ఉంది. ఆమె గొంతు నెల రోజులకి మామూలుగా వచ్చింది. ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. పొద్దున కాఫీ కలుపుతుంటే వస్తుంది, చపాతీలు ఒత్తుతుంటే వస్తుంది. అది వచ్చినప్పుడు ఆమె చూడదు. నేను చూస్తాను, మారేదాకా.