చావడి ఎక్కిన బ్యాటరీ

మా ఊరు బూదగుట్ల. ఆదోనికి బండి మీద ఒక పూట ప్రయాణం. ఆ ఊళ్లో మా అవ్వకు చెల్లెలు ఉరుకుందమ్మను అందరూ రేడియో ఉరుకుందమ్మ అనేవాళ్లు. బతికినన్నాళ్లూ ఆమె ఇంట్లో రేడియో లేదు. కొనే స్తోమత వచ్చాక కూడా కొనలేదు. మరి ఆ పేరు ఎట్లా వచ్చిందో ఊళ్లో మగవాళ్లను అడిగితే వాన గురించి చెబుతారు, పురుగు గురించి చెబుతారు, యుద్ధం గురించి చెబుతారు, ఆమె సంగతి చివర్లో ఒక ముక్క చెప్పి లేచిపోతారు. అందుకే నేను చెబుతున్నాను.

అవి యుద్ధం రోజులు. సర్కారువాళ్లు మా ఊరి చావడికి ఒక రేడియో ఇచ్చారు. చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఊళ్లో కరెంటు లేదు కాబట్టి అది బ్యాటరీ మీద నడిచేది. తాళంచెవి బడి అయ్యవారు దావీదురాజు దగ్గర ఉండేది. పొద్దుగూకాక ఆయన పెట్టె తెరిచేవాడు. "రైతు సోదరులారా" అంటూ పట్నం నుంచి ఒక గొంతు పలికేది. ముందు పంటల సంగతులు, ఆ తర్వాత యుద్ధం వార్తలు, చివర్లో పాటలు. సోదరులందరూ అరుగు మీద కాళ్లు చాపుకుని వినేవాళ్లు. సగంమంది పాటలు వచ్చేదాకా కునుకు తీసేవాళ్లు.

ఆడవాళ్లు చావడి ఎక్కరాదు. ఎక్కడం అటుంచి, దాని ముందునుంచి పోవాలన్నా చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడవాలి. నడి ఎండాకాలంలో అయినా సరే. ఈ ఆచారం పెట్టిన మహానుభావుడు ఎవడో గానీ, మిట్టమధ్యాహ్నం ఆ వీధిలో వట్టికాళ్లతో ఒక్కసారి కూడా నడిచి ఉండడు.

అట్లాగని రేడియోవాళ్లు ఆడవాళ్లను మరిచిపోలేదు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం అని అరగంట ఇచ్చారు. ఆ అరగంట చావడి వెనక వసారాలో కూర్చోవచ్చని ఊరి రెడ్డి కూడా పెద్దమనసు చేశాడు. దావీదురాజు మాట తప్పని మనిషి. రోజూ ఆ వేళకు వసారాలో నిద్రపోతున్న మగవాళ్లను లేపి అవతలికి పంపి, రేడియో తెరిచి కూర్చునేవాడు. ఒక్క ఆడమనిషీ వచ్చేది కాదు. వస్తే గదా వింత! ఆ వేళకు ఊళ్లో ఆడవాళ్లందరూ చేలల్లో నడుములు వంచి కలుపు తీస్తుండేవాళ్లు. బూదగుట్లలో స్త్రీలకు రేడియో మీద ఆసక్తి లేదని మాత్రం పై అధికారులకు కబురు పోయింది.

ఉరుకుందమ్మకు ముప్పై దాటకముందే మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మిగిలింది వంకగట్టున ఒక చేను, ఒక జత ఎద్దులు, ఒక బండి. బండి ఆమే తోలేది. వారానికోసారి ఆదోనికి పోయి శెట్టి అంగడికి సరుకులు తెచ్చేది. ఆడమనిషి నొగల మీద కూర్చుని బండి తోలడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లు, తమ మూటలు కూడా తెచ్చిపెట్టమని తర్వాత ఆమె దగ్గరికే వచ్చారు.

ఆమె బావ నరసన్నకు, అంటే మొగుడి అన్నకు, ఆ చేను మీద కన్ను. అంతకుముందు ఏడు ఎర్ర కంబళిపురుగు పడి ఉరుకుందమ్మ వేరుశనగ చేను మొత్తం తినేసింది. అప్పుడు నరసన్న పెద్దమనుషుల ముందు ఆమెచేత ఒక మాట ఒప్పించాడు. వచ్చే ఏడు కూడా పంట రాకపోతే చేను తనకు వదిలి, తన ఇంట్లోనే ఒక మూల కూర్చుని తినాలి. "కూర్చోని తినమంటాండాను గానీ, తరిమేస్తానంటినా?" అన్నాడట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు విత్తనం బాగా మొలిచింది. ఒకరోజు పక్కచేను మాబున్నీసా గట్టు మీద నిలబడి కేక వేసింది.

"ఉరుకుందక్కా, నిన్న రేడియోలో కంబళిపురుగు గురించి చెప్పిరంట. మా ఇంటాయన వినొచ్చినాడు."

"ఏం చెప్పిరంట?"

"మంట పెట్టమనిరంట. యాడ పెట్టల్లో, ఎప్పుడు పెట్టల్లో అడిగితే, పాట ఎప్పుడొస్తాదా అని చూస్తాంటినే అంటాడు. మళ్లా వారం మిగతాది చెప్తారంట."

ఉరుకుందమ్మ ఆ సాయంత్రమే నరసన్నను అడిగింది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"అది రైతుల ముచ్చటమ్మా. నీకెందుకు? మీకు మద్దేనం వేరే పెట్టినారు గదా, పోయి విను."

సరే, అదీ చూద్దామనుకుంది. మర్నాడు మధ్యాహ్నం కలుపు మధ్యలో ఆపి, మాబున్నీసానూ ఇంకా కొంతమందినీ వెంటబెట్టుకుని, మట్టిచేతులతోనే వసారాకు వచ్చింది. దావీదురాజు సంతోషం పట్టలేక చాప పరిచాడు. రేడియోలో ఒక అమ్మ చాలా తీయగా మాట్లాడింది. చంటిపిల్లలకు ఉన్ని మేజోళ్లు అల్లడం ఎట్లాగో చెప్పింది. ఆ తర్వాత వెండి సామాన్లు తళతళలాడాలంటే దేనితో తోమాలో చెప్పింది. వసారాలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉన్ని మేజోళ్లా?" అంది మాబున్నీసా. "నా కొడుకు ఒంటిమీద ఈ ఎండకు గోచి కూడా నిలవదే!"

అందరూ పడీపడీ నవ్వారు. ఉరుకుందమ్మ మాత్రం నవ్వలేదు.

"అయ్యవారూ, ఈ యమ్మ పురుగు సంగతి ఎప్పుడు చెప్తాది?"

"ఈమె చెప్పదమ్మా. అది పొద్దుగుంకినాక, మొగోళ్లకు చెప్పేది."

"పురుగు మొగోళ్ల చేన్లల్లోనే పడతాదా?"

దావీదురాజు మంచివాడు కాబట్టి తనకు తెలిసిన కారణం ఓపిగ్గా చెప్పాడు. "పట్నంలో మద్దేనం మొగోళ్లు కచేరీల్లో ఉద్యోగాలకు పోతారు. ఆడోళ్లు ఇంట్లో పని ముగించుకోని తీరిగ్గా ఉంటారు. అందుకని ఆ యాళకు ఆడోళ్ల మాటలు పెడతారు. మొగోళ్లు ఇండ్లకొచ్చినాక మొగోళ్ల మాటలు పెడతారు. ఎవరికి ఏం కావల్లో ఆలోచించే పెట్టినారమ్మా."

ఉరుకుందమ్మ వీధివైపు చూసింది. దావీదురాజు లేపి పంపిన మగవాళ్లు ఎదురుగా వేపచెట్టు కింద మళ్లీ పడుకుని గురక పెడుతున్నారు.

"మన ఊర్లో మద్దేనం తీరిగ్గా ఉండేది ఎవురప్పా?" అంది. "ఆ మేజోళ్లేవో వాళ్లకు నేర్పించు."

ఆ సాయంత్రం ఆమె చావడి ముందు వీధిలో నిలబడి చూసింది. లోపలి గొంతు గొణుగుడులాగా తప్ప వినిపించలేదు. మరుసటి సాయంత్రం చెప్పులు విడవకుండా తిన్నగా మెట్లెక్కి అరుగు మీద ఒక కంబం పక్కన కూర్చుంది. అక్కడున్న మగవాళ్లందరూ ఒక్కసారి కాళ్లు ముడుచుకున్నారు. రెడ్డి లేచి నిలబడ్డాడు.

"దిగమ్మా. ఇది ఆడోళ్లు ఎక్కే తావు కాదు."

"వినేసి దిగుతా రెడ్డెప్పా."

"దావీదూ, ఆ పెట్టె ఆపు. ఈమె దిగేదాకా పలకకూడదు."

దావీదురాజు తల దించుకుని ఆపేశాడు. "మా తమ్ముడుంటే సిగ్గుతో సచ్చేవాడు" అన్నాడు నరసన్న. ఉరుకుందమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుతో కాదు, కోపంతో. లేచి వచ్చేసింది. ఊళ్లో ఆ రాత్రి అందరూ ఆమెకు బుద్ధి వచ్చిందనుకున్నారు.

ఇక్కడ ఊరి పెద్దలు ఒక సంగతి మరిచిపోయారు. బ్యాటరీ అయిపోతే ఛార్జి చేయించడానికి ఆదోనికే తీసుకుపోవాలి. అందులో యాసిడ్ ఉంటుంది. బండి కుదుపుకు ఒలికితే బట్టలు కాలతాయి, గోనెసంచులు కాలతాయి. ఆ పీడ మాకొద్దని ఊళ్లో బండ్లున్న మగవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మొదటినుంచీ దాన్ని ఉరుకుందమ్మ బండిలోనే పంపేవాళ్లు. ఆమె ఉన్న రెండు చీరలకూ కుచ్చిళ్ల దగ్గర చిల్లులుండేవి. రేడియో వినే హక్కు లేదు గానీ, దాని యాసిడ్ మాత్రం ఆమె చీర మీదే పడాలి!

మరుసటి వారం, పురుగు గురించి మిగతా మాటలు చెబుతారన్న రోజుకు ముందే బ్యాటరీ అయిపోయింది. ఎప్పట్లాగే దావీదురాజు దాన్ని తెచ్చి ఆమె బండిలో పెట్టాడు. ఆమె ఎప్పట్లాగే తీసుకుపోయింది. తిరిగొచ్చే దారిలో పెద్దవాన పట్టుకుంది. బ్యాటరీ మీద తన దుప్పటి కప్పి, తాను తడుస్తూ వచ్చింది. వాన వెలిశాక దారి పక్క ముళ్లకంపల మీద తెల్లరెక్కల పురుగులు ఎగురుతూ కనిపించాయి. కిందటేడు చేను పోవడానికి ముందు కూడా ఆమె వాటిని చూసింది. చూసి ఏం చేయాలో తెలియక ఊరుకుంది.

బండి చావడి ముందు ఆగేసరికి పొద్దు గూకుతోంది. అరుగు మీద మగవాళ్లు నిండుగా కూర్చున్నారు. యుద్ధం వార్తల కోసం పక్క పల్లెలనుంచి కూడా వచ్చారు. దావీదురాజు బ్యాటరీ దించుకోవడానికి దిగబోయాడు.

"నువ్వు రావద్దయ్యవారూ" అంది ఉరుకుందమ్మ. "నేనే తెస్తా."

తలమీద చుట్టగుడ్డ పెట్టుకుంది. ఆ బరువును మాబున్నీసా సాయంతో తలకెత్తుకుంది. చెప్పులతోనే మెట్లెక్కింది. బ్యాటరీని రేడియో పక్కన దించి, దాని పక్కనే చతికిలబడి దానిమీద చెయ్యి వేసింది.

రెడ్డి మొహం ఎర్రబడింది. "ఏందిది?"

"రెడ్డెప్పా, ఇది నా బండిలో పోయింది, నా బండిలో వచ్చింది. దీని నీళ్లు నా చీర మీద పడినాయి. ఇది ఉన్న కాడ నేనుంటా. నేను దిగల్లంటే దీన్ని కూడా ఎత్తుకోని దిగుతా. మళ్లా ఆదోనికి ఎవురి బండిలో పంపుకుంటారో చూసుకోండి."

ఎవరూ తమ బండి ఇస్తామనలేదు. పక్క పల్లెనుంచి వచ్చిన ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "వార్తలకు యాళయితాంది గదప్పా! కూచుంటే కూచోనీ. ఆమె కూచుంటే రేడియో కరిగిపోతాదా?" నలుగురు అవునవునన్నారు. రెడ్డి వాళ్లవైపు చూశాడు, బ్యాటరీ వైపు చూశాడు, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. దావీదురాజు తీగలు తగిలించాడు. ఆయన మొహం వెలిగిపోయిందని మాబున్నీసా తర్వాత అందరికీ చెప్పింది.

"రైతు సోదరులారా!" అంది రేడియో.

"ఆఁ, చెప్పప్పా. వింటాండా" అంది ఉరుకుందమ్మ, అందరికీ వినబడేట్టు.

వీధిలో నిలబడ్డ ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అరుగు మీద కూడా ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు. రేడియో గొంతు చెప్పుకుంటూ పోయింది. పెద్దవాన పడిన సాయంత్రమే చేను చుట్టూ మంటలు పెట్టాలి. తెల్లరెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతాయి. మిగిలినవి ఆకుల అడుగున కుప్పలుగా గుడ్లు పెడతాయి. ఆ ఆకులు ఏరి కాల్చేయాలి. పక్కచేలనుంచి పురుగు పాకి రాకుండా గట్టు వెంబడి కాలువ తవ్వాలి. మాట మాటకూ ఆమె ఊఁ కొడుతూ వింది. యుద్ధం వార్తలు మొదలవగానే లేచి మెట్లు దిగి, విన్నదంతా వీధిలోని ఆడవాళ్లకు చెప్పింది.

ఆ సాయంత్రమే ఆడవాళ్లు పత్తికట్టెలు మోసుకుపోయి తమ తమ చేల గట్ల మీద మంటలు వేశారు. తర్వాత రోజుల్లో వంగి ఒక్కొక్క మొక్క తిప్పి చూసి గుడ్ల ఆకులు ఏరారు. నరసన్న కూడా ఆ చావడిలోనే, ఆ మాటలే విన్నాడు. కానీ ఆకులు ఏరడం ఆడవాళ్ల పని, మగవాడు చేస్తే నామోషీ. ఇంట్లో ఆడవాళ్లకు చెబుదామా అంటే అది రైతుల ముచ్చట! ఆయన చేన్లో గుడ్లు పిగిలి పిల్లపురుగులు ఆకుల మీద పాకడం మొదలయ్యాక ఉరుకుందమ్మ ఇంటిముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మీ ఆడోళ్లను రేపు నా చేన్లోకి పంపుతావా?"

"ఎందుకు బావా? నీ ఇంట్లో లేరా?"

"వాళ్లకేం తెలుసు?"

"తెలిసేట్టు చెయ్యి. ఈ పొద్దు మా అక్కను చావడికి తోడుకోని రా. ఆమెను అరుగు మీద కూచోబెట్టు. రేపు నేనే వచ్చి చూపిస్తా."

ఆ సాయంత్రం నరసన్న పెళ్లాం ఈరక్క, భయంతో చెంగు నోట్లో కుక్కుకుని, మొగుడి వెనకాలే చావడి మెట్లెక్కింది. మర్నాడు తెల్లారకముందే ఉరుకుందమ్మ వాళ్ల చేన్లో ఉంది. ఆ ఏడు ఆమె పంట ఇంటికి వచ్చింది. ఆయనకు సగం మిగిలింది. చేను వదలమన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

పంట ఎండబెట్టే రోజుల్లో రేడియో సంగతి చూడడానికి ఒక అధికారి వచ్చాడు. స్త్రీల కార్యక్రమానికి ఈ ఊళ్లో ఆదరణ ఎట్లా ఉందని అడిగాడు. దావీదురాజు నోరు తెరవబోయేలోపే అరుగు మీదినుంచి ఉరుకుందమ్మ జవాబు చెప్పింది.

"మద్దేనం స్త్రీలెవురూ రారు సామీ. పొద్దుగుంకినాక రైతులొస్తాం."

అధికారి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లవైపు అయోమయంగా చూసి, నిజమేనా అన్నట్టు పక్కనున్న మగవాళ్లవైపు తిరిగాడు. నరసన్న గొంతు సవరించుకున్నాడు.

"నిజమే సామీ" అన్నాడు. "కొంచెం జరిగి కూచోండి. మా ఇంటామెకు వినబడదు."