పండు వాసన బియ్యం

మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒక పట్టపగలు నేను పదిమంది చూస్తుండగా ప్యాంటు విప్పి పరుగెత్తాను. పిచ్చెక్కి కాదు, చదువు ఎక్కువై. నవ్వొస్తే మొహమాటపడకండి, ఆ మిల్లు హమాలీలు ఇప్పటికీ పడడం లేదు.

సూర్యాపేటలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ఆ మిల్లులో సూపర్‌వైజరుగా చేరిన కొత్త రోజులవి. సంచుల మీద మిల్లు పేరు అచ్చువేసే యాదగిరన్న దగ్గర ఇంకు తుడిచే ద్రావకం డబ్బా ఉండేది. ఇథైల్ ఎసిటేట్. గోళ్లరంగులోనూ జిగురులోనూ కూడా వాడతారు. మూత తీస్తే మాగిన పండ్ల బుట్ట తెరిచినట్టే ఉంటుంది. వాసన పండుది, బుద్ధి మాత్రం పెట్రోలుది.

"మూత బిగించు యాదగిరన్నా! గ్లౌజులేవి? కిటికీలు తెరువు. దీని ఆవిరి గాలికన్న బరువు. నేల మీదికెళ్లి పాక్కుంట పోయి మంటను అంటుకుంటది!" అని రోజూ పాఠం చెప్పేవాణ్ణి.

"మీరొచ్చిన కాడికెళ్లి బీడీ గూడ బంద్ జేసిన సార్. ఇగ ఊపిరి గూడ బంద్ జెయ్యాల్నా?" అనేవాడాయన.

ఒకరోజు మిల్లు యజమాని సేటు నన్ను పిలిచి, "ఈ బియ్యం సరుకు రెండుసార్లు వాపస్ వచ్చింది. ఇయ్యాల కోదాడ వ్యాపారి కొనకపోతే నీ నౌకరి ఖతం," అన్నాడు. శాంపిల్ కోసం గోదాములోకి ఉరికాను. ఆ కంగారులో అప్పుడే అచ్చువేసిన సంచి మీద పడి చేతులకు ఇంకు పూసుకున్నాను. గ్లౌజుల ఉపన్యాసకుణ్ణి కదా, ఉత్త చేతులతోనే ద్రావకంలో ముంచిన గుడ్డతో తుడుచుకుంటున్నాను. అంతలో "శాంపిల్ తే!" అని ఆఫీసులోంచి కేక. తడి గుడ్డను జేబులో కుక్కి, బియ్యం పొట్లాన్ని కూడా అదే జేబులో దోపి పరుగెత్తాను.

కోదాడ వ్యాపారి వెంకట్రావుగారు నేనిచ్చిన పొట్లంలోంచి గుప్పెడు బియ్యం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఏంటండీ సేటుగారూ, పండు వాసన వస్తందే!"

సేటు నన్ను చూశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. బియ్యానికి లేని వాసన నాకెందుకు? నిజం చెప్పి ఊరుకోవచ్చు. కానీ నౌకరి కళ్ల ముందు ఊగుతుంటే నిజం నోట్లోంచి ఎలా వస్తుంది?

"కొత్త వంగడం సార్! కంకి ఎల్లకముందే, పొట్ట దశలనే వాసన పడతది."

"ఏ ఊళ్లో పండిందయ్యా?"

"దామరచర్ల దిక్కు."

"అక్కడ కరెంటు ప్లాంటు కదా?"

"దాని వేడికే వాసన ఇంత మంచిగ మాగింది సార్!"

ఆ క్షణంలో నన్ను చూస్తే నాకే మొట్టబుద్ధేసింది. ఆయన మాత్రం మురిసిపోయి, "అయితే ఉడకేయండి, తిని చూద్దాం," అన్నారు.

శాంపిల్ వండే గ్యాస్ పొయ్యి ఆఫీసు మూలన నేల మీదే ఉంటుంది. అబద్ధం నిలిచిన సంబరంలో జేబులో గుడ్డ సంగతే మరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని అగ్గిపుల్ల తీశాను. అప్పుడే యాదగిరన్న గుమ్మంలోకి వచ్చాడు.

"సార్, నా గుడ్డ ఏడ పెట్టిన్రు?"

ఆయన చూపు తడిసిన నా జేబు మీద పడింది.

"ఆగుండ్రి! పుల్ల గియ్యకుండ్రి! నేల మీదికెళ్లి పాకుతదని మీరే సెప్పిన్రు గద సార్!"

పుల్ల అక్కడే పడేశాను. గుడ్డ లాగితే జేబు గుడ్డతో కలిసి చుట్టుకుని రావడం లేదు. ఇక మర్యాద చూసుకునే వేళ కాదని ప్యాంటు విప్పి ఆవరణలోకి విసిరి, దాని వెనకే నేనూ పరుగెత్తాను. లారీ ఎక్కిస్తున్న హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు.

యాదగిరన్న ఇచ్చిన ఖాళీ గోనెసంచి చుట్టుకుని ఆఫీసులోకి వచ్చి, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను.

"కొత్త వంగడం నీ జేబుల పండిందారా?" అన్నాడు సేటు.

వెంకట్రావుగారు తలుపులన్నీ తెరిపించి, ఆవిరంతా పోయేదాకా ఆగి, సేటు చేత వేరే బస్తా విప్పించి అన్నం వండించుకున్నారు. నాలుగు ముద్దలు నమిలి, "బియ్యం నికరంగా బాగున్నయ్యండీ. ఏ వాసనా లేదు, లారీ పంపండి. ఆ అబ్బాయిని మాత్రం పంపొద్దు," అని లేచారు.

ఆయన వెళ్లగానే నేను భయం భయంగా, "సేటూ, నా నౌకరి..." అన్నాను.

"ఉంటది బిడ్డా. గాని ఇంక మీదట కొనేటోల్లు మిర్యాలగూడ వస్తున్నరంటే, నువ్వు అవతల వేములపల్లి ఊర్ల ఉండాలె."

ఆనాడే కట్టుకున్న గోనెసంచి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక జన్మలో ఏ పంటకూ నా నోటితో వాసన పుట్టించను, ఇతరులకు చెప్పే నీతి ఏదైనా ముందు నా జేబులు తడిమి చూసుకున్నాకే చెబుతాను.