ట్యాంకు నిచ్చెన

ఖతర్‌లో నా పని పరంజాలు కట్టడం. కట్టిన ప్రతి నిచ్చెనకూ పచ్చ ట్యాగ్ వేలాడాలి. ఒక్క మెట్టు కదిలినా ఎర్ర ట్యాగ్ వేస్తాను. ఇక దాన్ని ఫోర్‌మన్ కూడా ఎక్కడు. అలాంటి నేను మా ఊరి నిచ్చెన విషయంలో నోరు మూసుకున్నాను.

మా అన్న ఊళ్ళో పంచాయతీ నీళ్ల మనిషి. పొద్దున్నే మోటారు వేస్తాడు, నల్లాలు వదులుతాడు, పదిహేను రోజులకోసారి బ్లీచింగ్ పొడి భుజాన వేసుకుని ట్యాంకు ఎక్కుతాడు. సర్పంచుల గడువు తీరింది, ఎన్నికలు జరగలేదు. పాలకవర్గం లేదని ఢిల్లీ నిధులు ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి రావలసినవీ అంతంతమాత్రమే. మేం క్యాంపులో రెండు బడ్జెట్లూ ఫోన్లో విన్నాం, గల్ఫ్ వాళ్ల మాట ఎక్కడైనా వస్తుందేమోనని. పంచాయతీల సంగతి వచ్చేసరికి నేను చాయ్ పెట్టడానికి లేచాను.

ఒకరోజు అన్న వీడియో కాల్‌లో నిచ్చెన చూపించాడు. తుప్పు పట్టి, నడుమ రెండు మెట్లు చేత్తో పట్టుకుంటేనే ఊగుతున్నాయి.

"ఎక్కకు అన్నా," అన్నాను.

"ఎక్కకుంటె నీళ్లల్ల పురుగులు పడ్తయి తమ్మీ. ఆఫీసర్ సారుకు కాయితం ఇచ్చిన. ఫండ్ రాంగనె చేపిస్త అన్నడు." సర్పంచి బదులు పెట్టిన ఆ సారు చేతిలో ఇంకో మూడు ఊళ్లున్నాయి.

అప్పటికి బ్లీచింగ్ పొడి కూడా అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం, కార్మికుల క్యాంపులుండే బిర్కత్ అల్ అవామిర్‌లో మా ఊరివాళ్లం ఏడుగురం ఒక గదిలో కూడి కూర వండుకుంటాం. ఊరికి ఏది తక్కువైతే అది తలాకొంత వేసుకుని పంపడం అక్కడే తేలుతుంది. వీధి బల్బులు అలాగే పంపాం. ఈసారి నిచ్చెనా, పొడా అన్న మాట వచ్చింది. మాలో పెద్దాయన, మేమంతా కాకా అంటాం, గరిటె పక్కన పెట్టి తేల్చేశాడు.

"పొడి పంపుదాం. నిచ్చెన సర్కారుది. మనం చేపిస్తె ఇగ సర్కారు ఎన్నడు చెయ్యదు. మార్చిల ఫండ్ వస్తదంట."

అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. ఆ గదిలో నిచ్చెనల సంగతి తెలిసినవాడిని నేనొక్కడినే. నన్ను నేను క్షమించుకోలేనిది ఆ తల ఊపడమే.

బస్తా చేరిందని అన్న దాని పక్కన నిలబడి ఫోటో పెట్టాడు. పెళ్లి ఫోటోలో కూడా అంత నవ్వు లేదని ఆటపట్టించాను. మార్చి వచ్చింది, పోయింది. ఏప్రిల్లో నేను అల్ రయ్యాన్ సైటులో డ్యూటీలో ఉండగా వదిన ఫోన్ చేసింది. అన్న సగం ఎత్తు నుంచి పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద స్పర్శ లేదన్నారు, ఇక రాదని కూడా అన్నారు.

వానలు పడ్డాక నిధులు వచ్చాయి. కొత్త నిచ్చెన ఫోటో కాకా తెచ్చి చూపించాడు. వెల్డింగ్ గట్టిగా ఉంది. అలవాటు కొద్దీ మెట్టు మెట్టూ చూశాను, పచ్చ ట్యాగ్ వేయొచ్చు. కాకా నా ముఖం చూడలేక ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. అన్ని నెలలూ అడగలేనిది అడిగాను. కోపంగానే అడిగాను.

"ఎక్కకు అని చెప్పిన గదనే. ఎందుకు ఎక్కినవ్?"

అన్న మంచం మీది నుంచే చెప్పాడు.

"బస్తా ఇప్పినంక గాలి తాకితె పొడి పవర్ పోతది తమ్మీ. మీరు గంత ఎండల కష్టపడి పంపిండ్రు. పాడు చెయ్య బుద్ధి కాలె."