బందులో పోనిచ్చే బండ్లు

మెదక్‌లో చంద్రిక ఎవరని అడిగితే, "యశ్వంత్‌రావు సార్ దగ్గర లెక్కలు చూసే పిల్ల" అంటారు. నలభై దగ్గర పడింది, చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి, అయినా పిల్లే. ఈ ఊళ్ళో ఒకరి కింద పనిచేసే ఆడమనిషికి వయసు రాదు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా షాపులో నిలబడి ఎవరైనా అలా అంటే, జిరాక్స్ మిషన్ పాడైందని చెప్పి పంపేస్తాను. మిషన్ మంచిదే, నా నోరే మంచిది కాదు.

నా పేరు పౌలు. రాందాస్ చౌరస్తా దగ్గర ఇంటర్నెట్, జిరాక్స్ షాపు నాది. నా పై అంతస్తులోనే యశ్వంత్‌రావు ట్యాక్స్ ఆఫీసు. చంద్రిక ఆ మెట్లెక్కింది డిగ్రీ అయిన ఏడాదే. తండ్రి గాలయ్య రైస్ మిల్లులో హమాలీ, అప్పటికే పోయాడు. తల్లి సిద్దమ్మ బీడీలు చుట్టేది. దేశం తలుపులు తెరుచుకున్నాయనీ, బయటి కంపెనీలు వస్తున్నాయనీ, లెక్కలు వచ్చినవాళ్ళకు ఇక పండగేననీ పేపర్లు రాస్తున్న కాలం అది. ఇంగ్లండులోని ఒక అకౌంటెంట్ల సంఘం హైదరాబాద్‌లో కూడా పరీక్షలు పెడుతోందనీ, పాసైనవాళ్ళను సభ్యులుగా చేర్చుకుంటుందనీ ఒక ప్రకటన వచ్చింది. దాన్ని కత్తిరించి చంద్రిక చేతిలో పెట్టింది యశ్వంత్‌రావే. ఉన్నమాట చెప్పాలి కదా, ఆయన మొదట మంచే చేశాడు. సీఏ సగంలో ఆగిపోయిన మనిషి. తనకు దక్కనిది ఈ పిల్లకైనా దక్కనీ అనుకున్నాడేమో.

ఆ సంఘానికి రెండు షరతులుండేవి. చేరిన పదేళ్ళలో అన్ని పేపర్లూ పాసవ్వాలి. ఒక్కటి మిగిలినా పాసైనవన్నీ రద్దు, మళ్ళీ ఓనమాల నుంచి మొదలు. రెండోది, పనిచేసే చోట పెద్దవాళ్ళెవరైనా ఆమె పని చూస్తూ, నేర్పుతూ, సరిగా నేర్చుకుంటోందని ఏటా సంతకం పెట్టాలి. ఆ సంతకం యశ్వంత్‌రావుది. గడువు ఎప్పటితో ముగుస్తుందో ఆయనకు చంద్రికతో సమానంగా తెలుసు. ప్రతి ఏడూ సంతకం పెడుతూ, "ఇంకెన్నేండ్లున్నయ్ బిడ్డా" అని ఆయనే అడిగేవాడు.

సంఘానికి హైదరాబాద్‌లో ఆదివారాలు కూడిక ఉండేది. హిమాయత్‌నగర్‌లో ఒక స్కూలు హాలు. మా చర్చిలో వాక్యం చెప్పినట్టే, సభ్యుడొకరు వచ్చి లెక్కల పద్ధతుల్లో ఏమేం మారాయో చెబుతాడు. తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఆ తర్వాత నేర్చుకునేవాళ్ళలో ఒకరు లేచి తమ పని గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు చంద్రిక వారమంతా నా జిరాక్స్ మిషన్‌కు ఎదురుగా నిలబడి "గుడ్ మార్నింగ్ సర్స్ అండ్ మేడమ్స్" అని మొదలుపెట్టేది. మిషన్‌కు వచ్చిందో లేదో గానీ నాకు కంఠతా వచ్చేసింది. తీరా ఆదివారం అక్కడ నోరు పెగలక రెండో మాటకే కూర్చుండిపోయిందట. వచ్చి షాపులో కూర్చుని ఏడ్చింది. తర్వాతి ఆదివారం మళ్ళీ మొదటి బస్సుకే పోయింది. మొండిఘటం.

కొన్నేళ్ళకు ఆ హాలు తాళాలు ఆమె చేతికే వచ్చాయి. ఎవరిని మాట్లాడటానికి పిలవాలి, ఏ పాఠం ఎవరు చెప్పాలి అన్నీ ఆమే చూసేది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి పేపర్లు ఆమే చెప్పేది. ఒకసారి హైదరాబాద్‌లో పనుండి నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలు లేచి నిలబడి "మేడం, మేడం" అంటుంటే తెలియకుండానే నేనూ లేచి నిలబడ్డాను. బస్సెక్కి మెదక్‌లో దిగేసరికి మేడం పోయి మళ్ళీ పిల్ల అయిపోయింది. పెళ్ళి సంబంధాలు వస్తే "పరీక్షలైనంక" అనేది. "నీ పరీక్షలయ్యేవరకు నేనుంటనా" అని సిద్దమ్మ బీడీల చాట పక్కకు నెట్టేది. ఆమె అన్నట్టే, ఉండలేదు.

2009 నాటికి ఆడిట్ పేపరు ఒక్కటే మిగిలింది. అందులో ఆమె అప్పటికే రెండుసార్లు తప్పింది. డిసెంబరులో రాసేదే ఆఖరుది, దానితో పదేళ్ళూ అయిపోతాయి. ఆ సంఘంలో సుమన అని ఒక పాత సభ్యురాలు, హైదరాబాద్‌లో ఆమెకు సొంత ఆఫీసు ఉంది. చంద్రిక పాసైతే చాలు, తన దగ్గర పెద్ద ఉద్యోగమే ఇస్తానని చెప్పడానికి పై అంతస్తు ఆఫీసుకు ఫోన్ చేసింది. ఎత్తింది యశ్వంత్‌రావు. విషయమంతా విని, నవ్వుతూనే చంద్రికకు ఫోన్ ఇచ్చాడట. అప్పటికి ఆఫీసంటే చంద్రికే. మిల్లులవాళ్ళు, బంగారం దుకాణాలవాళ్ళు ఆమె కోసమే మెట్లెక్కేవాళ్ళు. సార్ తెలంగాణ ఉద్యమంలో పెద్దమనిషి అయిపోయాడు, టెంటు కింద మైకు ఆయనదే. ఆమె పోతే పైన మిగిలేది కుర్చీలే.

మేము ఉద్యమానికి బయటివాళ్ళమేం కాదు. నిరాహార దీక్షల్లో నేనూ కూర్చున్నాను, చంద్రికా కూర్చుంది. నవంబరు చివర్లో ఊరు భగ్గుమంది, బందు మీద బందు. అందుకే పరీక్షకు ముందురోజే పోయి సుమన ఇంట్లో పడుకుంటానంది చంద్రిక. యశ్వంత్‌రావు వద్దన్నాడు. బందు చేసేది మనమే అయితే మన పిల్లను ఎవడు ఆపుతాడు, పొద్దున్నే నా కారులో పంపిస్తాను, ఇయ్యాల జర ఈ మిల్లు పని చూడమన్నాడు. పదేళ్ళు సంతకం పెట్టిన చెయ్యి కదా, నమ్మింది.

తెల్లవారింది, కారు రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడు. ఇంటికి పోతే గేటుకు తాళం. అప్పుడు మా ఇంటికి వచ్చింది. అన్నం ముందు నుంచి లేచి బండి తీశాను. పరీక్ష మధ్యాహ్నానికి కదా, సందుల్లో పడి పోయినా అందుతాం అనుకున్నాను.

మా దగ్గర బందులకూ ఒక ధర్మం ఉండేది. పాలబండిని పోనిస్తారు. శవాన్ని పోనిస్తారు. దవాఖానకు పోయేవాళ్ళను, హాల్ టికెట్ ఉన్నవాళ్ళను పోనిస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. కుల్చారం దగ్గర చెట్టుకొమ్మలు అడ్డం వేసినవాళ్ళు పరీక్ష అనగానే కొమ్మ పక్కకు లాగి, మంచిగా రాయమని కూడా అన్నారు.

కౌడిపల్లిలో టైర్లు కాలుతున్నాయి. మా ముందున్న ఒకతను రైల్వే పరీక్ష అంటే వదిలేశారు. అక్కడ ముందు నిలబడింది ఎల్లేష్, ఎరువుల దుకాణంవాళ్ళ అబ్బాయి. వాళ్ళ లెక్కలు చూసేదీ చంద్రికే. ఆమె హాల్ టికెట్ నా షాపులో ప్రింటు తీసిన తెల్లకాగితం. అంతా ఇంగ్లీషు, సర్కారు ముద్ర లేదు. పక్కనున్నవాళ్ళు ఈ వయసులో ఏం పరీక్ష అని నవ్వారు. ఎల్లేష్ వాళ్ళను కసిరాడు.

"మన సార్ దగ్గరి అక్కనే. జర ఆగక్కా, సార్‌కు ఒక మాట చెప్పి పంపిస్త" అన్నాడు.

చంద్రిక ముఖం తేటపడింది. సార్ ఫోన్ ఎత్తడం లేదని నేను చెప్పబోయేంతలోనే అవతల ఎత్తాడు. పొద్దుట్నుంచి మాకు ఎత్తని ఫోన్, వాడికి ఒక్క రింగుకే ఎత్తాడు. ఎల్లేష్ రెండడుగులు పక్కకు పోయి మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడలేదు.

"ముందట లాఠీచార్జ్ అయితున్నదంట అక్కా. సార్ నిన్ను వాపస్ పంపమంటుండు."

చంద్రిక ఆ ఫోన్ లాక్కుంది. నేను పక్కనే ఉన్నాను, అవతలి గొంతు నాకూ వినిపించింది.

"సార్, చంద్రికను మాట్లాడుతున్న. పోనియ్యమని ఒక్క మాట చెప్పుండ్రి సార్."

"గింత లొల్లిల ఏడ పోతవ్ బిడ్డా. ఇంటికి పో. జూన్ల రాస్తువు తియ్యి."

"నాకు జూన్ లేదు సార్. మీకెరుకే గద."

 "ఫోన్ ఎల్లేష్‌కియ్యి" అన్నాడు.

అక్కడితో నేను ఆగలేదు. వెనక్కి తిప్పినట్టే తిప్పి, పొలాల బాటలో పడి, కాలువ గట్ల మీద నుంచి నర్సాపూర్ ముందు మళ్ళీ రోడ్డెక్కాను. ఫోన్ నా బండి కంటే ముందే పోయింది. అక్కడివాళ్ళు మమ్మల్ని చూస్తూనే, మెదక్ సార్ దగ్గరి పిల్లే కదా, వాపస్ పంపమన్నాడు అని బండి తాళం తీసుకున్నారు. నేను తిట్టాను, చెయ్యి కూడా లేచింది. చంద్రికే నన్ను పట్టుకుని లాగింది.

వాళ్ళు తాళం తిరిగిచ్చాక మెదక్ దిక్కు కొంత దూరం వచ్చాం, చంద్రిక ఆపమంది. రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ గోడ మీద కూర్చుంది. పరీక్ష మొదలయ్యే సమయానికి వాచీ చూసుకుంది, ఆ తర్వాత చూడలేదు. ఏడవలేదు కూడా. నర్సాపూర్ అడవి దిక్కు నుంచి ఒక ఊరేగింపు వచ్చింది. జెండాలు పట్టుకున్న పిల్లలు మా ముందు ఆగి జై కొట్టమన్నారు. నేను ముఖం తిప్పుకున్నాను. చంద్రిక లేచి, పిడికిలి ఎత్తి, జై తెలంగాణ అంది. వాళ్ళు పోయాక నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. ఎవరికి జై కొడుతున్నవ్, నీకు సిగ్గులేదా అన్నాను.

"నన్ను ఆపింది తెలంగాణ గాదు పౌలన్నా" అంది.

రెండు రోజులకు తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. మెదక్‌లో టపాకాయల మోత. యశ్వంత్‌రావు లడ్డూల డబ్బా పట్టుకుని మెట్లెక్కి, చంద్రిక చేతిలో ఒకటి పెట్టి, ఆమె తల నిమిరాడు. ఆమె తినేసి, చెయ్యి కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చుంది. నేనైతే ముఖాన కొట్టేవాణ్ణి. ఇంగ్లండుకు ఆమె రాసిన మెయిల్‌కు జవాబు నా షాపుకే వచ్చింది. జరిగినదానికి విచారిస్తున్నామనీ, గడువు అందరికీ ఒకటేననీ, కావాలంటే మొదటి నుంచి మళ్ళీ చేరవచ్చనీ రాశారు. సుమన మంచి మనిషే, కానీ ఆమె ఇస్తానన్నది సభ్యులకిచ్చే ఉద్యోగం. హాలు తాళాలు చంద్రిక కొరియర్‌లో పంపేసింది. ఇంకా ఆ మెట్లెందుకు ఎక్కుతున్నావని నేను అడిగితే, "ఏడికి పోవాలన్నా, ఏం పట్టుకొని పోవాలె" అంది. 

అసలు దెబ్బ తర్వాత తగిలింది. మరుసటేడు యశ్వంత్‌రావు కూతురు ఇషిత డిగ్రీలో ఉండగానే అదే సంఘంలో చేరింది. పాఠాలు చెప్పమని చంద్రికను అడిగింది ఎవరనుకున్నారు, ఆ తండ్రే. ఏ ముఖం పెట్టుకుని అడిగాడో ఆ ప్రభువుకే తెలియాలి. చంద్రిక ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, పానం పెట్టి చెప్పింది. ఆఫీసు మూసేశాక ఆ పిల్లను కూర్చోబెట్టుకుని, తను రెండుసార్లు తప్పిన ఆడిట్ పేపరును అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పేది. ఆఖరి పరీక్షకు ముందురోజే ఇషితను తీసుకుని హైదరాబాద్ పోయింది. యశ్వంత్‌రావు పొద్దున కారులో దిగబెడతానంటే, "వద్దు సార్" అని మాత్రమే అందట.

ఇషిత పాసైంది. రాష్ట్రం వచ్చిన నెలలోనే హైదరాబాద్‌లో కొత్త సభ్యుల సభ. యశ్వంత్‌రావు చంద్రికను తీసుకెళ్ళాడు, ఫొటోలు తీయడానికి నన్నూ పిలిచాడు. ఇషిత పేరు పిలిచినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చంద్రికే. భోజనాల దగ్గర కోటు వేసుకున్న ఒకతను పరుగున వచ్చి, "చంద్రికా మేడం" అని వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. ఆమె హిమాయత్‌నగర్‌లో మొదటి పేపర్లు చెప్పిన పిల్లల్లో ఒకడు. ఇప్పుడు తనే సభ్యుల కమిటీలో ఉన్నాడట. "మీరు ఏ సంవత్సరంల మెంబర్ అయిండ్రు మేడం, మీ పేరు ఎంత ఎతికినా దొరకలే" అన్నాడు.

"నేను మెంబర్‌ను గాను బాబూ. ఈ పిల్లకు తోడొచ్చిన" అంది చంద్రిక.

అతను "సారీ మేడం" అని తప్పుకున్నాడు. ఇషిత చేతిలో ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. "అక్కా, గంత మంచిగ చెప్తవు. నువ్వెందుకు ఆఖరు పేపర్ రాయలే?" అని అడిగింది.

"మీ డాడీనడుగు. ఆయనకెరుక."

యశ్వంత్‌రావు తొణకలేదు. "గా దినం బస్సులు బందుండె బిడ్డా" అన్నాడు.

"బస్సెవరడిగిండ్రు సార్, నా బండి ఉండె" అన్నాను నేను. "కౌడిపల్లి దాకా పోయినం. మీ ఫోన్ గూడ మంచిగనే పనిచేసింది."

ఇషిత తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన ప్లేటులో పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడు, కలిపిందే మళ్ళీ కలిపాడు.

తిరుగు ప్రయాణం ఆయన కారులోనే. యశ్వంత్‌రావు ముందు సీట్లో, మేము ముగ్గురం వెనక. ఇషిత సంఘం వాళ్ళిచ్చిన పూలగుత్తిని కాళ్ళ దగ్గర పెట్టేసింది. కౌడిపల్లి వచ్చింది. రోడ్డు కొత్తగా వేశారు, గులాబీ తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి.

"అక్కా, ఏడ ఆపిండ్రు?" అంది ఇషిత.

చంద్రిక అద్దంలో నుంచి వేలు చూపించింది. డ్రైవర్ వేగం తగ్గించి, ఆపాలా అన్నట్టు వెనక్కి చూశాడు. యశ్వంత్‌రావు తల తిప్పలేదు.

"వద్దు, పోనియ్యి" అంది చంద్రిక.

కారు ఎక్కడా ఆగకుండా మెదక్ వచ్చేసింది.