గద్దింటి పెద్దమ్మ

కిందటి నెల డుంబ్రిగుడ నుంచి ఫోనొచ్చింది. "అమ్మ ఎలిపోనాదక్కా," అన్నాడు పెద్దమ్మ కొడుకు. వెనకాల సంత గోల వినబడుతోంది. "దినం నాడు రాయి నిలబెడతాం. మీవోళ్ళందరికీ సెప్పు. నువ్వు మాత్రం బేగి రా."

పోయినావిడ నాకు పెద్దమ్మ. రక్తసంబంధం కాదు. మాది అనకాపల్లి, ఆవిడది కొండ. మా ఇద్దరికీ చుట్టరికం ఎలా కలిసిందో చెబితే ఆఫీసులో నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను, నవ్వితే నవ్వండి.

తొంభైల్లో నేను ఫ్లయింగ్ క్లబ్బులో చేరి విమానం నడపడం నేర్చుకున్నాను. ఉద్యోగానికి కాదు, సరదాకి. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేసే పిల్లకి ఇదేం పోయేకాలమే అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. లైసెన్సు చేతికొచ్చాక గాని నాకొక సంగతి బోధపడలేదు. నేర్చుకున్నన్నాళ్ళూ పక్క సీట్లో మాష్టారుంటారు, కసురుతూ ఉంటారు. లైసెన్సు వచ్చిన మర్నాటి నుంచి ఆ సీటు ఖాళీ. పైన చూసింది కిందికొచ్చి చెప్పుకుందామంటే వినేవాళ్ళుండరు. ఇంట్లో చెబితే పెళ్ళి మాటెత్తుతారు.

వాసు నాతోపాటే లైసెన్సు తెచ్చుకున్నాడు. నా మొదటి స్నేహితుడు వాడే. ఆదివారం ఇద్దరం కలిసి ఎగిరేవాళ్ళం. దిగాక విమానాల షెడ్డు గుమ్మంలో కూర్చుని, టీ తాగుతూ ఒకరి తప్పులు ఒకరం ఎంచుకునేవాళ్ళం. ఆ టీకి మెల్లగా మరో ముగ్గురు చేరారు. అదే మా జట్టు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం, వలిసె చేలు పసుప్పచ్చగా పూశాయట చూసొస్తానని వాసు ఒక్కడే అరకు వైపు వెళ్ళాడు. లోయ మీద మబ్బు మూసుకుంది. మేం నలుగురం రన్‌వే పక్కన నిలబడి చీకటి పడేదాకా చెవులు రిక్కించుకుని ఉన్నాం. వాడు రాలేదు. విమానం డుంబ్రిగుడ అవతల కొండవాలులో దొరికింది. వాళ్ళమ్మగారు అస్థికలు తీసుకెళ్ళి గోదావరిలో కలిపారు.

నేను ఎగరడం మానేశాను. చావంటే భయం లేదని అనను. కానీ అంతకంటే పెద్ద భయం ఒకటుండేది. ఎక్కడో ఏ కొండమీదో పడిపోతే, ఇది మా పిల్ల అనేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరూ ఉండరు కదా అని. ఆ ఆలోచన ఆఫీసులో ఉన్నా వదిలేది కాదు.

కొన్నాళ్ళకి నలుగురం కిరండూలు రైలెక్కి ఆ చోటు చూడ్డానికి వెళ్ళాం. వాలు కిందే పెద్దమ్మ ఇల్లు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి రాగి అంబలి పోసి, "మీది ఏ ఒంశం?" అంది. మాలో ఒకతను గోత్రం చెప్పాడు. ఆవిడ చెయ్యి విసిరింది. "అది కాదు నాయినా. పులోళ్ళా, పామోళ్ళా, సూరీడోళ్ళా?"

ఆ కొండల్లో ప్రతి ఇంటికీ ఒక వంశం, వంశానికి గుర్తుగా జంతువో పక్షో సూర్యుడో ఉంటుంది. ఒక వంశంలో పుట్టినవాళ్ళంతా తోబుట్టువుల కిందే లెక్క. మా వంశమేదో ఆవిడే తేల్చేసింది. "ఎగిరేవోళ్ళు మీరు. ఇంకేటవుతారు, గెద్దోళ్ళే. మాదీ గెద్దే."

ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. వాళ్ళ పెద్దల పేరున నిలబెట్టిన రాళ్ళు వరసగా ఉన్నాయి. చివర మోకాలెత్తున ఒక కొత్త రాయి. అది వాసుదట. నాకు ఒళ్ళు మండింది. "అస్థికలు గోదావరిలో కలిపేశాం. ఇక్కడేముంది?" అన్నాను.

"ఎముకలు మీరట్టుకెళ్ళినారు, మంచిదే," అంది ఏమాత్రం కోపం లేకుండా. "పడిన సోటు మాది గదా. రాయి లేపోతే కూకోడానికి సోటుండదు, ఊరికే తిరుగుతాడు. గెద్దింటి గుంటడ్ని అలా ఒగ్గీమంటావేటి?"

అప్పుడు ఏడ్చాను. వాసు పోయాక ఏడవడం అదే మొదలు.

ఆ ఏటి నుంచి, కోతలవగానే నలుగురం ఆ రాయి దగ్గరికి వెళ్ళడం ఆనవాయితీ అయింది. ఆవిడ కోడిని కోసి, కొత్త బియ్యం వండి, జీలుగ కల్లు ముందు వాడికి పోసి తర్వాత మాకు పోసేది. మామూలు రోజుల్లో కూడా ఆ రాయితో మాట్లాడేది. "ఒరే, మేకలొస్తన్నాయి, కాలు ముడుసుకో," అనేది. జట్టులో ఒకతనికి నన్నిస్తే బాగుంటుందని మా అమ్మ ఆశపడిందని చెబితే, "ఒకే ఒంశం, తప్పు," అని కొట్టిపారేసింది. నాకూ అదే నయమనిపించింది. "మొగుడు సంగతి తర్వాత. ఎగరడం మానీసినావంట ఏటి? గెద్ద సెట్టుమీద కూకుంటే తిండెవులెడతారు? మగగెద్ద కంటే ఆడగెద్దే పెద్దది గుంటా," అంది.

ఎగిరాను. ఆ వాలు మీదుగా వెళ్ళి, రెక్కలు ఊపి వచ్చేశాను. తర్వాత కొండకి వెళ్ళినప్పుడు పెద్దమ్మ చేటలో రాగులు చెరుగుతోంది.

"మొన్న ఇద్దరూ వొచ్చినారు గదా," అంది.

"ఒక్కదాన్నే పెద్దమ్మా."

"పక్కనోడు సెయ్యూపినాడే."

"పక్కన ఎవరూ లేరు."

"నీకగుపడడు. నువ్వు ముందుకి సూసుకో," అని మళ్ళీ చెరగడంలో పడింది.

అంత ఎత్తులో ఆవిడకి నా తలే కనబడదు, నాకు తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఆ సీట్లో నా సంచీ కూడా పెట్టలేదు. కొండల మీదున్నంతసేపూ కుడివైపు తల తిప్పను. జట్టులో మిగతావాళ్ళూ తిప్పరట. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోం.

దినం నాడు నలుగురం వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. రాయి మోసేవాళ్ళు వంశం వాళ్ళే అయ్యుండాలి కాబట్టి ఒక పక్క మాకిచ్చారు. వాసు రాయి పక్కనే పెద్దమ్మ రాయి నిలబెట్టి, మట్టి తొక్కి, బియ్యం చల్లాం. ఆవిడంత మనిషి ఇంత రాయి అయిపోయిందే అని దుఃఖమొచ్చింది. ఇక ఈ కొండమీద నన్ను గుంటా అని ఎవరు పిలుస్తారు?

చేతులు కడుక్కుంటుంటే కొడుకు నన్ను పక్కకి పిలిచాడు. పెద్దమ్మ రాయి పక్కన కాస్త చోట గడ్డి పీకి చదును చేసి ఉంది.

"ఇది నీదక్కా," అన్నాడు, పెళ్ళిలో భోజనాల బంతి చూపించినట్టు. "అమ్మ సెప్పింది. నువ్వెక్కడ పడినా తిరక్కుండా తిన్నగా ఇక్కడికొచ్చీమంది."

సరే అని తలూపాను. మేం చల్లిన బియ్యం కొన్ని గింజలు ఆ చదును మీద కూడా పడ్డాయి. తడి మట్టి మీద తెల్లగా కనబడుతున్నాయి. ఒక పెట్ట తన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి వాటిని ఏరుకు తింటోంది. నేను తోలలేదు.