గరాటులో చింతగింజ

నా చిన్నప్పుడు చదువంటే బట్టీ. గుంటూరులో మా బడిలో పాఠాన్ని ముక్క పోకుండా అప్పజెప్పినవాళ్ళే తెలివైనవాళ్ళు. ఆ లెక్కన నేను మహా తెలివైనదాన్ని. నాన్నకు లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక ఈస్ట్ హామ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌కు వచ్చిపడ్డాం. అక్కడి బడిలో నా నోరు మూతబడింది. నా ఇంగ్లీషు వాళ్ళకు, వాళ్ళ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు మాకు రెండో ప్రపంచ యుద్ధం పాఠం. మా టీచరమ్మ, అక్కడి పిల్లల పిలుపులో మిస్, మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్ళి, తలా ఒక వస్తువు ఎంచుకుని దాని గురించి క్లాసులో చెప్పాలంది. విమానాలు, గ్యాస్ మాస్కులు చకచకా అయిపోయాయి. నోరు విప్పి అడగలేక నిలబడ్డచోటే నిలబడిపోయిన నాకు, పక్కనున్నదే వంతుకొచ్చింది. అది జర్మన్ల చిన్న ఫిరంగి, ట్యాంకుల మీదికి చేసినది. రెండు చక్రాల మీద బక్కపలచగా ఉంది. ట్యాంకును కొట్టే మొహమేనా ఇది అనుకున్నాను.

నాన్న ఆఫీసులో దాని గురించి కాగితాలు ప్రింట్ తీసుకొచ్చాడు. నేను బట్టీ పట్టడం, అమ్మ కాగితం పట్టుకుని అప్పజెప్పించుకోవడం. ఎక్కడ తడబడినా మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సిందే. మా ఇంటి పద్ధతి అది.

శుక్రవారం క్లాసు ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్" అని మొదలుపెట్టాను. బాగానే నడిచింది. ఫిరంగి గొట్టం వెనక వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉంటుందన్న వాక్యం దగ్గర మిస్ ఆపి, ఎందుకలా సన్నబడుతుందని ప్రేమగానే అడిగింది. ఆ ప్రశ్న నా కాగితంలో లేదు. నాకు తెలిసిన దారి ఒక్కటే. మళ్ళీ "గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఒకడైతే టేపు రికార్డరు మీట నొక్కినట్టు గాల్లో వేలితో నొక్కి చూపించాడు. మిస్ వాళ్ళను కసిరి, సోమవారం మళ్ళీ చెబుదువుగానిలే అంది.

ఇంటికొచ్చి చెప్పేశాను. నన్ను గుంటూరులో అమ్మమ్మ దగ్గరికి పంపేయండి, ఆ బడి గడప తొక్కను. అమ్మ చీవాట్లు పెడుతుందనుకుంటే, "పోదాం పద, నాకు మాత్రం ఇక్కడ ఏం ఒరుగుతోంది గనక" అంది. నాన్న ముఖం మాడిపోయింది. మర్నాడు పొద్దున ఆయన నిజంగానే రెండు టికెట్ల గురించి ఎవరికో ఫోన్ చేస్తుంటే విన్నాను. కోరింది నేనే. అయినా తలుపు చాటునే ఆగి చెవి ఒగ్గాను. మూడో టికెట్ ఊసే లేదు. నాన్న ఇక్కడే, మేమిద్దరం అక్కడ. అలా అవుతుందని నాకు తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నం పై ఫ్లాట్ ఆంటీ దిగివచ్చింది. అనంతపురం మనిషి. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేది. భర్త వీసా మీద వచ్చి ఇక్కడ ఉద్యోగం లేక కూర్చుంది. ఆ కసంతా మాటల్లో తీర్చుకునేది. మా జంతికల గొట్టం కోసం పిండి కలుపుకుని మరీ వచ్చింది.

"ఏంది పాపా, మొగం అట్ల పెట్టినావు?" అంటే అమ్మ కథంతా చెప్పింది. ఏదీ నాకు చెప్పు అంది ఆంటీ. చెప్పాను. సరిగ్గా అక్కడే ఆపి, అదే ప్రశ్న వేసింది. నేను మళ్ళీ చేతులు కట్టుకుని, "గుడ్ మార్నింగ్..."

"సాల్లే, ఆపు!"

వంటింట్లోకి పోయి, చింతపండులోంచి ఒక గింజ తీసి, దాని చుట్టూ జంతికల పిండి మందంగా పెట్టింది. నూనె పోసే గరాటు నా చేతికిచ్చి, గరిటె కాడతో దాన్ని నెట్టమంది. నెట్టాను. వెడల్పు నుంచి సన్నానికి పోయేకొద్దీ పిండి నలిగి, గింజకు కరుచుకుపోయి, టప్పున సింకులో పడింది. పిండి నలిగింది, గింజ నలిగిందా అని అడిగింది. లేదన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ ఫిరంగి గుండు కూడా ఇంతే. పైన మెత్తని తొడుగు, లోపల టంగ్‌స్టన్ అనే మహా గట్టి లోహం. వెనక మందు పేలి తోస్తుంటే, బిగుసుకుపోయే గొట్టంలో తొడుగు నలిగి, గుండు సన్నబడి, విపరీతమైన వేగంతో దూసుకుపోతుంది. ట్యాంకు మందపాటి ఇనుప పలకను చీల్చేది లోపలి గింజే. "మనుషుల్ని సంపేదాన్ని మెచ్చుకోవద్దు, అర్థం చేసుకో" అని కూడా అంది.

జంతికలు వేగాయి. నూనె పీల్చుకోవడానికి కాగితమేదని చుట్టూ చూసి, బల్లమీది నా బట్టీ కాగితాలు పళ్ళెంలో పరిచి, వాటిమీద బోర్లించింది. నేను కెవ్వుమన్నాను.

"అయ్యో, పాప స్కూలు కాగితాలక్కా!" అంది అమ్మ.

"తెలుసులేమ్మా. సూసే ఏసినా."

నా ఏడుపు ఇల్లు ఎగిరిపోయేలా సాగింది. మళ్ళీ ప్రింట్ తీద్దామంటే నాన్న ఆఫీసు సోమవారం దాకా తెరవరు. ఆంటీ తాపీగా జంతిక కొరుకుతూ, ఇప్పుడు మీ అమ్మకు తెలుగులో చెప్పు అంది. వెక్కుతూనే చెప్పాను. చేతిలో కాగితం లేకపోయేసరికి అమ్మ మొదటిసారి నా మాటలు విన్నది. "మరి అంత ఒరుసుకుంటూ పోతే గొట్టం అరిగిపోదుటే?" అంది. అరిగిపోయేదట! ఆ కాగితాల్లో ఉన్నదే, నేను వల్లించిందే, కానీ అప్పుడే నాకు అర్థమైంది. ఆ లోహం జర్మన్లకు కరువని, ఇనుము కోసే పనిముట్లకూ అదే కావాలని, చివరికి గింజల్లేక ఆ ఫిరంగి చేయడమే మానేశారని నా అంతట నేనే చెప్పుకుపోయాను.

వెళ్ళబోతూ ఆంటీ గుమ్మంలో ఆగింది. "మీ మిస్సు నడమ ఆపిందని ఏడుస్తాండావే, పిచ్చిదానా. అడిగిందంటే నువ్వు సెప్పేది ఇంటాందని గదా!"

సోమవారం గరాటు, గింజ, పిండి పట్టుకుని వెళ్ళాను. నా ఇంగ్లీషు అడుగడుగునా కుంటింది. గింజ వెళ్ళి ఎవరి బల్ల కిందో పడింది. గాల్లో మీట నొక్కినవాడే చెయ్యెత్తాడు. అంత మంచి ఫిరంగైతే ఇంకా బోలెడు ఎందుకు చెయ్యలేదని అడిగాడు. నేను మొదటికి వెళ్ళలేదు. వాడి ముఖంలోకి చూసి జవాబు చెప్పాను.

ఆ సాయంత్రం నాన్నకు మళ్ళీ అంతా చెప్పాను. ఆయన ఎన్నిసార్లు ఆపి అడిగాడో! మా ఇంట్లో టికెట్ల మాట మళ్ళీ వినబడలేదు.

ఇప్పుడు నన్నే పిల్లలు ఆంటీ అంటున్నారు. ఉద్యోగంలో పదిమంది ముందు నిలబడి మాట్లాడటమే నా పని. అందరూ బుద్ధిగా తలూపుతూ కూర్చుంటే నాకు ఇప్పటికీ దిగులే. ఎవరో ఒకరు నా మాటకు అడ్డం వచ్చి "ఆగండి, అదెందుకలా?" అన్నారంటే మాత్రం, హమ్మయ్య, నేను ఒంటరిగా మాట్లాడటం లేదనుకుంటాను.